కడగని గొట్టం

ఓబులమ్మ ఎవరినీ నమ్మే మనిషి కాదు. దాహమని గుమ్మం ముందు నిలబడ్డ బాటసారికి చెంబెడు నీళ్లిచ్చి, అతను తాగి వెళ్లేదాకా చెంబు మీద నుంచి చూపు తిప్పేది కాదు. పొగిడినవాళ్లనైతే మరీ అనుమానించేది. ఇదేం బుద్ధి అని ఎవరైనా అంటే కొట్టం వైపు చెయ్యి చూపించేది. ధాత సంవత్సరం కరువులో ఉదయగిరి కొండ చుట్టుపక్కల ఊళ్లలో గొడ్లు నిలబడ్డచోటే కూలిపోయాయి. ఓబులమ్మ ఇంటి కప్పు మీది బోదగడ్డి పీకి మేపింది. నాగజెముడు ముళ్లు కాల్చి, ముక్కలు కోసి మేపింది. ఎవరు తోలుకుపోతారోనని మెడకు కట్టిన పలుపుతాళ్లు చేతికి చుట్టుకుని కాపలా కాసింది. మొగుడు ఆ కరువులోనే పోయాడు గానీ పాలడు, మైలడు అనే ఎద్దుల జత, ఒక ఆవు మిగిలాయి. అందరినీ నమ్మి ఉంటే మిగిలేవా అని ఆమె ప్రశ్న. 

రెండేళ్లకు, బహుధాన్య సంవత్సరంలో వాన పడింది. సజ్జ చల్లే అదును వచ్చింది. జత ఎద్దులుంటే చేను దున్నుకుని సొంత ఇంట్లో బతకొచ్చు. లేకపోతే ఆ చేను ఇంకొకరి చేతిలో పెట్టి, పుట్టింటికి పోయి వదినలు పెట్టినప్పుడు తినాలి. ఓబులమ్మకు చావంటే అంత భయం లేదు గానీ ఆ బతుకంటే ఉంది.

సరిగ్గా అప్పుడే బద్వేలు దారిన ఉప్పు మూటలు మోసుకుపోయే ఎద్దుల మంద ఒకటి ఊరి పక్కన మకాం చేసి వెళ్లింది. కొన్నాళ్లకు ఓబులమ్మ ఆవు మేత మానేసింది. కళ్లవెంట నీరు, నోట్లోంచి తీగలు సాగే చొంగ, ఆ తర్వాత పారుడు. ఆమె కొట్టం చూరులోంచి వెదురు గొట్టం తీసింది. మిరియాలు, వెల్లుల్లి, వాము నూరి, మజ్జిగలో కలిపి, గొట్టంలో పోసి, ఆవు తల పైకెత్తి గొంతులోకి దించింది. ఆ గొట్టం అత్తగారి నాటిది. ఎన్నడూ కడగలేదు. కడిగితే మందు చేవ పోతుందని ఆ ప్రాంతంలో అందరూ అనుకునేదే. ఎన్ని గొడ్లకు పోస్తే గొట్టానికి అంత బలం. ఎంత అనుమానం మనిషైనా ఓబులమ్మ ఆ ఒక్క సంగతిని మాత్రం ఏనాడూ అనుమానించలేదు.

రోగం మొదలైందని తెలిసి చుట్టుపక్కల వాళ్లు వచ్చి తమ గొడ్లకూ మందు పొయ్యమని బతిమాలారు. మందు విషయంలో ఆమెది పెద్ద చెయ్యి. ముందు జాగ్రత్తగా ఉంటుందని ఇల్లిల్లూ తిరిగి, బాగున్న గొడ్లకు కూడా మందు పోసి వచ్చింది. తన ఎద్దుల సంగతి తర్వాత చూసుకోవచ్చులే అనుకుంది. మనిషిలో ఆ మంచీ ఉంది మరి.

ఆవు బతకలేదు. చచ్చిన గొడ్డును లాక్కుపోయే హక్కు తోళ్లపని చేసే పెంచలయ్యది. అతని తాతల నాటి నుంచీ ఆ ఇంటి గొడ్డు చస్తే తోలు, మాంసం వాళ్లకే, బదులుగా చెప్పులు, బావిలోంచి నీళ్లు తోడే కపిల బానలు వాళ్లే కుట్టివ్వాలి. పెంచలయ్య వచ్చి దూరంగా నిలబడ్డాడు.

"అమ్మా, తోలు ఒలుచుకుంటాను. కూర మటుకు ముట్టుకోము. గుంట తీసి పూడ్చేస్తాము."

"ఎందుకురా? మీ నాయనైతే కత్తి ఎత్తుకుని పరిగెత్తుకుంటా వచ్చేవాడే!"

"మేము కలిసినాము గదమ్మా, యేసుసామి మతంలో. చచ్చిన గొడ్డును తినబాకండని బోధకుడు చెప్పినాడు. ఒప్పుకున్నాము."

 ఓబులమ్మకు లోపల లెక్క తేలిపోయింది. కరువులో ఆకులు, గడ్డలు ఏరుకు తిన్న మనిషి ఇంత కూరను వద్దంటాడా? బోధకుడు చెబితే నోరు కట్టేసుకుంటాడా? తోలు కావాలి, కూర వద్దు. అంటే కూరలో ఏముందో వీడికి తెలుసన్నమాట. తోళ్ల కోసం గొడ్లకు విషం పెట్టేవాళ్లున్నారని ఆమె ఎప్పటి నుంచో వింటోంది. ఇప్పుడు కళ్లారా చూస్తున్నాననుకుంది.

ఆ మాట ఆమె పక్కింటి కొండలయ్య చెవిన వేసింది. కొండలయ్యకు ఆమె వరసకు వదిన. ఆ వారంలోనే అతని ఎద్దులు రెండూ పడ్డాయి. వెనకనే వడ్లవాళ్ల ఆవు, ఆ తర్వాత కుమ్మరివాళ్ల దున్న. ఒక్కో గొడ్డు కూలినకొద్దీ ఊరి చూపంతా పెంచలయ్య మీదికి తిరిగింది. పోలీసులకు అప్పగిద్దామని కొందరు, కుటుంబంతో సహా ఊళ్లోంచి వెళ్లగొడదామని కొందరు. అందరికంటే ముందు ఆ మాట అన్నది తానేనని ఓబులమ్మకు కొంచెం గర్వంగా కూడా ఉండేది.

ఇంతలో ఆత్మకూరులో మకాం పెట్టిన పశువుల డాక్టరు గోపాలయ్య గుర్రం మీద వచ్చాడు. పొట్టిగా, ఎండకు మాడిపోయి, గొంతు బొంగురుపోయి ఉన్నాడు. ఊరూరా ఇవే మాటలు చెప్పి చెప్పి ఆ గొంతు అలా అయింది. దండోరా వేయించి చావడి ముందు నిలబడి మళ్లీ చెప్పాడు.

"ఇది ముసర రోగం. దీనికి నా దగ్గర మందు లేదు, ఎవరి దగ్గరా లేదు. రాకుండా చూసుకోవడమే మన చేతిలో ఉన్న పని. జబ్బు గొడ్డును వేరుగా కట్టండి. దాని తొట్లో ఇంకో గొడ్డు నీళ్లు తాగకూడదు. దాన్ని చూసే మనిషి మంచి గొడ్డు దగ్గరికి పోకూడదు. చచ్చినదాన్ని, ఎవరూ ఒలుచుకోకుండా తోలుకు గాట్లు పెట్టి లోతుగా పూడ్చండి. దాని చొంగ తగిలిన ప్రతిదీ కాల్చెయ్యండి."

మందు లేదని చెప్పే డాక్టరును ఓబులమ్మ అంతవరకూ చూడలేదు. మందు లేనివాడు ఇంతదూరం ఎందుకొచ్చినట్టు? తోలు పాడుచెయ్యమంటాడేమి? రేపు మంచి గొడ్లను కూడా కాల్చిపారేయమంటాడేమో! ఆమె తన ఎద్దుల మాట ఆయనకు చెప్పనేలేదు. కాలు బెణికిన మైలడు చేని దగ్గరి పాకలో ఉన్నాడు, కాపలా ఉండే శీనమ్మ అక్కడే మేత వేస్తోంది. పాలడు ఇంటి దగ్గర కొట్టంలో ఉన్నాడు. డాక్టరు ఊళ్లోకి రావడానికి నాలుగు రోజుల ముందే ఆమె పాలడికి మందు పోసింది. డాక్టరు మాటలు విన్నాక, ఇక మర్నాడే చేనికి పోయి మైలడికీ పొయ్యాలనుకుంది.

మర్నాడు చూస్తే చూరులో గొట్టం లేదు.

ముందురోజు కొట్టంలోకి వచ్చిన మనిషి ఒక్కడే. ఆవు పడుకున్న చోట మట్టి చెక్కి పారబొయ్యమని డాక్టరు పురమాయిస్తే పెంచలయ్య వచ్చి వెళ్లాడు. ఓబులమ్మ ఒళ్లు మండిపోయింది. గొడ్లను చంపడం చాలక, బతికించే గొట్టాన్ని కూడా ఎత్తుకుపోయాడు! కొత్త వెదురు కోసుకోవచ్చు గానీ చేవ లేని గొట్టంతో పోసినా ఒకటే, పొయ్యకపోయినా ఒకటే. ఆ కోపంలో ఉండగానే పాలడు తొట్టి దగ్గర మూతి పెట్టి, తాగకుండా నిలబడిపోయాడు. కళ్లవెంట నీరు. ఓబులమ్మ దాని మెడ మీద తల ఆనించి గట్టిగా ఏడ్చింది. ఏడ్చి, కళ్లు తుడుచుకుని, తలారిని పిలిచి పెంచలయ్య ఇల్లు సోదా చెయ్యమంది.

గొట్టం అతని ఇంటి కప్పులోనే దొరికింది.

చావడి అరుగు మీద పెద్దలు కూర్చున్నారు. సీతారామపురం దారి పట్టబోతున్న డాక్టరు గొడవ విని ఆగాడు. పెంచలయ్యను అరుగుకు దూరంగా ఎండలో నిలబెట్టారు. తలారి గొట్టం తెచ్చి కింద పడేశాడు.

"ఎందుకు ఎత్తకపోయినావురా?" అన్నాడు కొండలయ్య.

"చొంగ తగిలిందంతా కాల్చమని డాక్టరయ్య చెప్పినాడయ్యా. కాలుద్దామనే తీసకపోయినాను. అమ్మ వాళ్ల అత్త వస్తువని కాల్చను చేతులాడలా. అడిగేదానికీ భయమైంది."

"విన్నారా! గొడ్లను చంపినోడు మందు గొట్టం కాల్చేదానికి తీసకపోయినాడంట!" అంది ఓబులమ్మ.

డాక్టరు గొట్టాన్ని చేత్తో ముట్టుకోలేదు. కర్రతో దొర్లించి చూశాడు. "దీంతో మందు పోసేది మీరేనా అమ్మగారూ?"

"నేను గాక ఇంకెవురు? మా అత్త నాటిది."

"ఈసారి ముందు దేనికి పోశారు?"

"నా ఆవుకు. చొంగ కార్చతా ఉంటే పోసినాను."

"తర్వాత?"

"కొండలయ్య ఎద్దులకు. ఆనెక వడ్లోళ్ల ఆవుకు. ఆనెక కుమ్మరోళ్ల దున్నకు. ఇంకా శానా ఇళ్లకు పోయినాను. నాకేం, పిలిచినోళ్లకు లేదనే అలవాటు లేదు." ఆమె గొంతులో గొప్ప ఉంది.

"మధ్యలో కడిగారా?"

"కడిగితే చేవ పోదా?" చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పింది.

 డాక్టరు నెమ్మదిగా అడిగాడు. "ఊళ్లో మీరు మందు పొయ్యని ఇల్లు ఏదైనా ఉందా?"

ఉంది. రామనారాయణ ఇల్లు. చేని గట్టు తగాదాతో రెండిళ్లకూ మాటల్లేవు, అందుకే అతను పిలవలేదు, ఆమె పోలేదు. ఆ మాట చెప్పబోయి ఓబులమ్మ ఆగిపోయింది. రామనారాయణ గొడ్లు ఆ ఉదయమే వాగు వైపు పోతుంటే ఆమె చూసింది. ఒక్కటీ తగ్గలేదు. అప్పుడు, ఇతని గొడ్లకేమీ కాలేదు చూడు, ఇందులో ఇతని హస్తం కూడా ఉండొచ్చు అనుకుంది.

డాక్టరేదో వల పన్నుతున్నాడనిపించింది మొదట. గొట్టం వైపు చూసింది. దాని మూతి చుట్టూ ఎండిన జిగట అట్ట కట్టి ఉంది. ఆమె అప్పటిదాకా దాన్నే చేవ అనుకుంటూ వచ్చింది. తను చెప్పిన ఇళ్ల వరసా, గొడ్లు కూలిన వరసా ఒకటేనని అప్పుడు తోచింది. మనసులో ఇంకోసారి చెప్పుకుని చూసింది. ఏమీ మారలేదు. చివర పాలడు ఉన్నాడు. దాని దవడ పట్టుకుని తల పైకెత్తింది తన చెయ్యే.

 అరుగు అంచు పట్టుకుని కింద కూలబడింది.

"పెంచలయ్యను వదలండి. వాడు కాదు," అంది. "నేనే. నా చేత్తోనే పోసినాను అన్నిటికీ."

 డాక్టరు అడ్డుపడి, తెలియక జరిగింది, రోగం తెచ్చింది దారినపోయిన మంద, ఈమె ఏం చేస్తుంది అని చెప్పబోయాడు. కొండలయ్య ఆయన్ను చేత్తో ఆపాడు. అతని రెండెద్దులూ పోయాయి. చేను బీడుపడి ఉంది.

"ఉండయ్యా. వొదినా, ఒక్కటి చెప్పు. నీ మైలడికి పోసినావా?"

"లా. గొట్టం కనపళ్లా గదా."

"మైలడు బాగుండాడా?"

"బాగుండాడు."

"అద్దీ!" కొండలయ్య జనం వైపు తిరిగాడు. "ముందు మనందరి గొడ్లకూ పోసింది. తన ఇంటి వంతు వచ్చేసరికి గొట్టం ఈడింట్లో తేలింది. ఒకదానికి పోసింది, అనుమానం రాకుండా! మనలో ఇంక ఎద్దు ఎవురికుంటాది? ఈమెకు. తోళ్లు ఎవురికి? ఈడికి. ఇద్దరూ కలిసే చేసినారు."

ఓబులమ్మ తలెత్తి అతని వైపు చూసింది. ఆ మాటల్లో సందు ఎక్కడా లేదు. అన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఆమె కూర్చినా అలాగే కూర్చేది.

"అమ్మకేం తెలవదయ్యా. చెప్పకుండానే తీసకపోయినాను," అన్నాడు పెంచలయ్య ఎండలోంచి. తనకు దొంగతనం చుట్టుకుంటుందని తెలిసే అన్నాడు.

ఎవరూ వినిపించుకోలేదు. అరుగు దిగి ఒకరొకరే వెళ్లిపోయారు. వెళ్తూ వెళ్తూ ఓబులమ్మ చీర కుచ్చెళ్లు తగలకుండా పక్కకు తప్పుకున్నారు. డాక్టరు గొట్టాన్ని అక్కడే కాల్పించి, ఎద్దుల సంగతి అడిగి తెలుసుకుని, మైలడిని చేనిదగ్గరే ఉంచమనీ, పాలడిని ముట్టిన చేత్తో ఆ పాకలోకి పోవద్దనీ ఆమెకు మెల్లగా చెప్పి గుర్రమెక్కాడు.

ఆరు రోజులకు మిట్టమధ్యాహ్నం వేళ పాలడు ప్రాణం విడిచాడు. లాగడానికి సాయం రమ్మని ఓబులమ్మ ఇల్లిల్లూ తిరిగింది. అంతకు ముందు గొట్టం పట్టుకుని తిరిగిన ఇళ్లే. ఒక్కరూ తలుపు తియ్యలేదు. ఆఖరికి తనే గడ్డపార భుజాన వేసుకుని కొట్టం వెనక్కి వచ్చింది.

అక్కడ పెంచలయ్య అప్పటికే మోకాలి లోతు గుంట తవ్వి, చెమటలు కక్కుతూ ఉన్నాడు. ఆమెను చూసి గుంటలోంచి బయటికి వచ్చి, పక్కకు జరిగి నిలబడ్డాడు.

వీడెందుకు వచ్చినట్టు? ఏం ఆశించి వచ్చాడు?

ఆమెకు మొదట తోచింది అదే. ఇంత జరిగాక కూడా, ఆ మనిషి ముందు నిలబడి కూడా, అన్నిటికంటే ముందు అదే తోచింది. పాలడు పోయినందుకు రాని ఏడుపు ఓబులమ్మకు అప్పుడొచ్చింది.