యస్ సర్, త్రీ ఇయర్స్

మా ఆఫీసులో ఎనిమిది కుర్చీలున్నాయి. కూర్చునేది మాత్రం జోగారావు సారొక్కరే. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల మీద మూడో అంతస్తు అది. ఊడవడం, తుడవడంతో పాటు, ఆయన పంజగుట్ట వెళ్ళినప్పుడు ఫోన్ ఎత్తడం నా పని. ఏం చెప్పాలో అట్టముక్క మీద తెలుగు అక్షరాల్లో రాసి పెట్టారు: "యస్ సర్. హి వర్క్‌డ్ హియర్. త్రీ ఇయర్స్."

నా భర్త పోయాక, యాభై ఏళ్ళ వయసులో, బల్కంపేటలో వయోజనుల బడికి వెళ్ళి చదువు నేర్చుకున్నాను. ఫోన్లో ఎవరో ఒక అబ్బాయి పేరు చెప్పి, ఇక్కడ పనిచేశాడా అని అడిగేవారు. నేను అట్ట చూసి తడుముకోకుండా చదివేదాన్ని. గర్వంగా ఉండేది.

పొద్దున పూట మధురానగర్ హాస్టల్లో వంట చేస్తాను. అక్కడ మంజూష అనే అమ్మాయి దిగింది. మెల్‌బోర్న్‌లో నేరాల గురించి చదువుతోంది. ఆనర్స్ అని ఆఖరి ఏడాదంతా పరిశోధనేనట. ఉద్యోగాల కోసం కొనే దొంగ అనుభవ పత్రాల మీద రాస్తోంది.

"కొన్నవాళ్ళు పదకొండు మంది మాట్లాడారు ఆంటీ. అమ్మేవైపు నుంచి ఒక్కరు దొరికితే చాలు."

"దొంగలు నీకు దొర్కుతరా బిడ్డా? పోలీసోళ్ళకే దొర్కరు!"

"పెద్ద దొంగలేం కాదు. ఒక గది, ఒక ఫోను. 'అవును, ఇక్కడ మూడేళ్ళు చేశాడు' అని ఫోన్లో చెప్పే మనిషి. అంతే."

ఉప్మా కలిపే గరిటె ఆగిపోయింది.

మర్నాడు ఆమెకు అంతా చెప్పేశాను. ఒక కాగితం ఇచ్చింది. నా పేరు బయటపెట్టరట, పుస్తకంలోకి వేరే పేరు రాయమంది. నేను చంద్రమ్మ అనే రాశాను.

"అయ్యో, అసలు పేరు కాదు ఆంటీ!"

"దొంగ కాగితాల మీద పుస్తకమంటివి. మల్ల నన్ను దొంగ పేరు పెట్టుకోమంటవేంది?"

మంజూష నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

"ఇన్నాళ్ళు ఫోన్ల తెల్వక చెప్పిన. ఇప్పుడు తెల్సింది. ఇయ్యాల ఫోనొస్తే ఏం జెయ్యాలె?"

"నేను చెప్పకూడదు ఆంటీ. మాట్లాడినవాళ్ళకి సలహా ఇవ్వకూడదని మా రూలు."

మధ్యాహ్నం సారు బయటికి వెళ్ళారు. ఫోన్ మోగింది. ఎవరో రాఘవేందర్ అట, ఇక్కడ చేశాడా అని అడిగారు. అట్ట చూశాను. అక్షరాలు ఎదురుగానే ఉన్నాయి.

"నేను ఈడ ఊడుస్త సార్. గా పిలగాణ్ణి ఎన్నడు సూడలే."

"మీ పేరేంటండీ?"

"చంద్రమ్మ."

సారు తిరిగొచ్చి ఫోన్లేమైనా వచ్చాయా అని అడిగితే, ఉన్నదే చెప్పానన్నాను. ఆయన అట్టముక్క పీకేసి, రేపటి నుంచి రావద్దన్నారు.

ఆ కొలువు పోయినందుకు బాధ లేదు. ఆ రాఘవేందర్ ఉద్యోగం ఏమైందో తెలియదు. మొన్నటి దాకా అబద్ధం చెప్పి ఎందరికో ఉద్యోగాలు నిలబెట్టాను. నిన్న నిజం చెప్పి ఒకడి నోటి దగ్గర కూడు తీశానేమో. రెండింట్లో నేరమేదని మంజూషను అడిగాను.

ఆ పిల్ల నా ప్రశ్నను పుస్తకంలో రాసుకుంది.