పెదాల మధ్య బిళ్ల

దర్జీ నోట్లో గుండుసూదులుంటే ఎవరూ వింతగా చూడరు. రెండు చేతులూ బట్ట మీద ఉన్నప్పుడు నోరే మూడో చెయ్యి. ఈ దర్జీ అయితే ఏళ్ల తరబడి సూదులు పెదాల మధ్య పెట్టుకుని, ఆ పక్కసందులోంచే గిరాకీలతో లోకాభిరామాయణమంతా మాట్లాడేవాడు. ఒక్క సూదీ మింగిన పాపాన పోలేదు. ఆ ధీమాయే అతని కొంప ముంచింది.

వాళ్ల బావ లిఫ్టులు బాగుచేసే మెకానిక్. చేతులు రోకలిబండలు, మనసు చిన్నపిల్లాడిది. మూరెడు పొడవున్న బొమ్మ సబ్‌మెరీన్ చేసి, రిమోటుతో పార్కు కొలనులో ముంచి లేపడం ఆయన పిచ్చి. దాని కడుపులో నీరు చొరని గొట్టం ఒకటి ఉంటుంది. బ్యాటరీ, మోటార్లు అన్నీ అందులోనే. ఆ గొట్టంలోంచి సన్నటి కడ్డీలు బయటికొచ్చి తోక దగ్గరి చుక్కానినీ రెక్కల్నీ తిప్పుతాయి. గొట్టం తీసిన ప్రతిసారీ ఆ కడ్డీల మరలు విప్పలేక విసిగిపోయిన బావ, ఈసారి అయస్కాంతాల జోళ్లు వేద్దామనుకున్నాడు. గొట్టం వైపు కడ్డీ కొసకి ఒక బిళ్ల, తోక వైపు కడ్డీకి దాని జత. దగ్గరికి తెస్తే టక్కున కలుస్తాయి, లాగితే విడిపోతాయి.

బిళ్ల చూస్తే చొక్కా గుండీలో సగం లేదు. దాన్ని సరైన ముఖం పైకి ఉండేలా చిన్న ఇత్తడి గిన్నెలో కూర్చి, జిగురు ఆరేదాకా కదలకుండా పట్టుకోవాలి. బావ వేళ్ల వల్ల అయ్యే పని కాదది. అందుకే సబ్‌మెరీన్ తోకని చంకన పెట్టుకుని బావమరిది కొట్టుకి వచ్చాడు.

దర్జీ కొట్టులో ఏముంటాయి? కత్తెర, సూదులు, కుట్టుమిషను. ఎటు చూసినా ఇనుమే. బల్ల మీద పెట్టిన బిళ్ల ఎగిరి కత్తెరని కరుచుకునేది. పక్కన పెట్టింది జిగురు ఆరని దాని మీదికి దూకేది. ఒకటి బిగిస్తుంటే రెండోది ఎక్కడ పెట్టాలి? దర్జీకి తెలిసిన చోటు ఒకటే. పెదాల మధ్య పెట్టుకున్నాడు.

మొదటిది సోమవారం మింగాడు. బావ ఏదో జోకు వేశాడు, ఇతనికి నవ్వొచ్చింది, బిళ్ల గుటుక్కున లోపలికి పోయింది.

"ఏమైందిరా?"

"మింగేశాను బావా."

బావ కడుపుబ్బా నవ్వాడు. "గుండీ అంత కూడా లేదు కదరా. దాని దారి అది చూసుకుంటుందిలే."

అంతవరకూ బాగానే ఉండేది. కానీ బావ నోట్లో నువ్వుగింజ నానదు. తెల్లారేసరికి వీధి వీధంతా తెలిసిపోయింది. ప్యాంటు పొట్టి చేయించుకోవడానికొచ్చిన బడిపంతులు తాళంచెవి తీసి దర్జీ పొట్టకి ఆనించి, "అంటుకోవట్లేదే" అన్నాడు. టీకొట్టాయన చెంచా పట్టుకొచ్చాడు. అక్క ఫోన్ చేసి, "బీరువా దగ్గరికి వెళ్లకురా, అతుక్కుపోతావ్" అంది. దర్జీ అందరితోపాటు తనూ నవ్వాడు. లోపల మాత్రం తల కొట్టేసినట్టయింది.

బుధవారం ఒక్కడే కూర్చుని ఆఖరి జోడు బిగిస్తున్నాడు. ఎంత వద్దనుకున్నా చేతికి అలవాటైన దారి నోరే. గుమ్మంలోంచి ఎవరో "నా చొక్కా అయిందా?" అని అరిచారు. "ఆ" అనబోయాడు. రెండో బిళ్ల గొంతులోకి జారింది.

గిరాకీ ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. దర్జీ గుటక వేసి, "రేపు తీసుకెళ్లండి" అన్నాడు. ఇంకెవరికీ చెప్పలేదు. మొదటిది ఏం చేసింది గనక ఇది చేయడానికి?

మర్నాటికి బొడ్డు పక్కన నొప్పి మొదలైంది. పెద్ద నొప్పేం కాదు గానీ, కదలదు. ఎవరో లోపల్నుంచి గిల్లి, పట్టు వదలడం మర్చిపోయినట్టు అక్కడే ఉంది. ఆ తర్వాతి రోజుకి తిండి సయించలేదు. ఒళ్లు వెచ్చబడింది. దర్జీకి భయమేసింది. భయమేసిన కొద్దీ నోరు మరింత గట్టిగా మూసుకున్నాడు.

ఆ సాయంత్రం తోక పట్టుకెళదామని అక్కాబావా వ్యానులో వచ్చారు. బావ జోళ్లన్నీ సరిచూసి, "ఒకటి నువ్వు మింగావు సరే, ఈ రెండో గిన్నె కూడా ఖాళీగా ఉందేంటి? బిళ్ల ఏదిరా?" అన్నాడు.

దర్జీ మొహం పాలిపోయింది. "ఆ రోజు మింగింది ఒకటి కాదనుకుంటా బావా. రెండు అంటుకుని ఉన్నట్టున్నాయి."

అబద్ధం అతికినట్టు సరిపోయింది. అక్క మాత్రం తమ్ముడి నుదుటి మీద చెయ్యి వేసి చూసి, "పదండి ఆసుపత్రికి" అంది.

ఎక్స్‌రేలో రెండు బిళ్లలూ ఒకదానికొకటి ఆనుకుని కనిపించాయి. "రెండూ కలిపే మింగారా?" అని అడిగాడు డాక్టరు.

"కలిపేనండీ, నేను పక్కనే ఉన్నాను" అన్నాడు బావ.

డాక్టరు పొట్ట నొక్కి, నొప్పా అని అడిగాడు. దర్జీ పళ్లు బిగబట్టి, "కొంచెం" అన్నాడు.

"కలిపి మింగడమే నయమైంది. విడివిడిగా పోయుంటే, ఒకటి ఈ మడతలో, ఇంకోటి ఆ మడతలో ఉండి మధ్యలో పేగుని పట్టేసేవి. పట్టిన చోట పేగు చచ్చిపోయి చిల్లు పడుతుంది. ఇవి ఒకే ముక్కలా దిగిపోతాయి లెండి. పొద్దున మళ్లీ ఫిల్మ్ తీద్దాం."

అక్క కళ్లు తుడుచుకుంది. బావ అప్పుడే కులాసాగా, "ఇక వీణ్ని సబ్‌మెరీన్‌కే బిగించేయొచ్చు" అన్నాడు. గదిలో అందరూ నవ్వారు. ఆ నవ్వుల మధ్య దర్జీ నోరు తెరిచి, మళ్లీ మూశాడు.

ఇంటికి బయల్దేరిన వ్యాను రెండు వీధులు దాటింది. నొప్పి గిల్లడం మానేసింది. దాని బదులు పొట్టంతా ఏదో వేడిగా పాకుతోంది.

"వెనక్కి తిప్పు బావా."

"ఏం మర్చిపోయావురా?"

"కలిపి మింగలేదు. ఒకటి సోమవారం, ఒకటి బుధవారం."

బావ బ్రేకు తొక్కాడు. అక్క వెనక్కి తిరిగి, "మరి చెప్పవేంట్రా?" అంది.

"మళ్లీ నవ్వుతారని."

ఎవరూ నవ్వలేదు. బావ వ్యాను తిప్పాడు.

ఈసారి డాక్టరు చెయ్యి వేసేసరికి పొట్ట చెక్కలా బిగుసుకుని ఉంది. స్ట్రెచరు కోసం కేకేసి, బావని పక్కకి పిలిచాడు. చిన్నగానే మాట్లాడాడు గానీ, "చిల్లు" అన్న మాటా, "ఆలస్యమైంది" అన్న మాటా దర్జీకి వినిపించాయి.

బావ వచ్చి అతని చెయ్యి పట్టుకున్నాడు. "ఇంకేమైనా దాచావా? చెప్పరా. నేను నవ్వను."

"చాలా నొప్పిగా ఉంది బావా" అన్నాడు దర్జీ.

స్ట్రెచరు లోపలికి వెళ్లిపోయింది. అక్క గోడకి ఆనుకుని కూలబడింది. బావ మూసిన తలుపు వైపే చూస్తూ, "నేను పక్కనే ఉన్నానని చెప్పాను, నేనే చెప్పాను" అని గొణుగుతూ నిలబడ్డాడు.