నెమలికంఠం చీర పేజీకి పేరు

పెళ్లయిన కొత్తల్లో అరుణజ్యోతికి అన్నీ ముద్దొచ్చేవే. ధర్మవరంలో అత్తగారింటి మగ్గం చప్పుడు, పోగు తెగితే నాలుక కరుచుకుని ముడివేసే మొగుడు శశికుమార్, అన్నీ. గూట్లో సర్దిపెట్టిన సంచి ఒక్కటే మింగుడుపడేది కాదు.

ఇంటి చీరలు అమ్మడానికి శశి వెబ్‌సైట్ పెట్టాడు. ఒక్క బేరమూ రాలేదు. శ్రావణం లోపల రాకపోతే శశి బెంగళూరులో చీరల షోరూమ్ పనికి పోవాల్సిందేనని మామ శ్రీరంగప్ప తేల్చేశాడు. ఆ సంచి అందుకే.

ఒక మధ్యాహ్నం అరుణజ్యోతి ఫోన్‌లో "ధర్మవరం పెళ్లి పట్టుచీర" అని కొట్టింది. దొర్లించగా దొర్లించగా ఎక్కడో అడుగున తమ సైటు దొరికింది. పేజీ పేరు చూసి ఫక్కున నవ్వింది. "శ్రీ లక్ష్మీనరసింహస్వామి ప్రసన్న, కీర్తిశేషులు కొండప్ప గారి ఆశీస్సులతో..." అక్కడికి తెగిపోయి చుక్కలు. ఏ చీర పేజీకైనా అదే పేరు.

"ఏమయ్యా, ఇది సైటా, పెళ్లిపత్రికా?"

"మొదట దేవుడే ఉండాలని నాయన పట్టుబట్టినాడు. నేనేం చేసేది?"

ఆమె నేరుగా మగ్గం దగ్గరికి పోయింది.

"మామా, మన అంగట్లో దేవుడి పటం యాడుండాది?"

"లోపల, గద్దె పైన. ఎందుకమ్మా?"

"మరి వాకిట్లో?"

"చీర వేలాడేస్తాం. అది చూడకుండా ఎవరొస్తారు?"

"పేజీ పేరు కూడా వాకిలే మామా. వెతికేవాళ్లకు మొదట కనపడేది అదే. ఈడ చీర వేలాడేద్దాం. దేవుణ్ణి, కొండప్ప తాతని లోపల గద్దె పైన పెడదాం."

పోగుల మధ్య అటూ ఇటూ ఆడే నాడె శ్రీరంగప్ప చేతిలో ఆగింది. "మా నాయన్ను బయట నిలబెట్టవు గదా?"

"పూలదండేసి కూర్చోబెడతా."

"అయితే కానీ," అని నవ్వేశాడు.

ఇక పేరేం పెట్టాలి? "మంచి చీర, చౌక చీర, అందమైన చీర, అన్నీ దూరుద్దాం" అన్నాడు శశి. ఆమె అతని చేతిమీద ఒకటిచ్చింది.

"వాకిట్లో నిలబడి అట్లా అరిస్తే ఉన్నోళ్లు కూడా పారిపోతారు. అత్తా, వచ్చినోళ్లు చీర ఏమని అడుగుతారు?"

అత్త సునంద బియ్యం ఏరుతూనే చెప్పింది. "ఏమంటారు? పెళ్లికూతురికి నెమలికంఠం రంగు పట్టుచీర చూపించమంటారు."

అదే పెట్టారు, ధర్మవరం కలిపి. తర్వాత ఒక్కో చీరకు దాని రంగుతో, దాని అంచుతో ఒక్కో పొట్టి పేరు. భుజం భుజం ఆనించుకుని కూర్చుని, ప్రతి పేరుకీ కొట్లాడి, ప్రతి కొట్లాటకీ నవ్వుకున్నారు.

శ్రావణం రేపోమాపో అనగా ఫోన్ మోగింది. గుమ్మఘట్ట నుంచి ఒకామె.

"నెమలికంఠం పెళ్లిచీర అని కొడితే మీదే పైన వచ్చినాదమ్మా. ఉండాదా, పోయినాదా?"

"ఉండాది అక్కా!" అరుణజ్యోతి గంతేసినంత పని చేసింది.

"అట్లాంటివే పెళ్లికూతురి చెల్లెళ్లకు కూడా నేసిస్తారా?"

స్పీకర్లో ఆ మాట వింటూనే శ్రీరంగప్ప గొంతు లేచింది. "ఒరే శశీ, ఇన్ని చీరలు నేసేవాడు బెంగళూరులో కూర్చుంటే ఎట్లరా? మగ్గంలోకి దిగు!"

అరుణజ్యోతి సంచిలోంచి శశి చొక్కాలన్నీ తీసి దండెం మీద వేసింది. ఖాళీ సంచి అత్తకిచ్చి, శెనక్కాయలు పోసుకోమంది.