పెరటి మట్టికి పడిన తిండి

పొద్దున్నే కుట్టుమిషను మీది గుడ్డ తీయకముందే దర్జీ పెరటి గడప ఊడ్చుకునేది. పెరట్లో మట్టికి పడనివన్నీ రాత్రికి రాత్రే అక్కడికి చేరేవి మరి. గాజు పెంకులు, ప్లాస్టిక్ గుండీలు, ఎవరిదో వంకర చెంచా, అన్నీ కడిగి పెట్టినట్టుండేవి. చెంచా పోయినవాళ్లు తిన్నగా ఆవిడ దగ్గరికే వచ్చి అడిగేవాళ్లు.

ఆ మట్టికి పంతమైతే ఉంది కానీ పస లేదు. ఎండితే రాయి, తడిస్తే జిగురు.

"గడ్డిపరక మొలవని నేల మీద అంత ప్రేమేంటే? సిమెంటు పోయించి కారు పెట్టుకుంటాను," అన్నాడు పైవాటాలో ఉండే అన్నయ్య. ఇల్లు ఇద్దరిదీ.

"ఈ వేసవికి పుచ్చకాయ కాయిస్తాను అన్నయ్యా."

"కాయిస్తావు, నిమ్మకాయంత. ఈ పెరటి తలుపులో పట్టనంత కాయించు, నేల నీకే వదిలేస్తాను."

ఆవిడకి ఒళ్లు మండింది. సరేనంది. రోజంతా మిషను ముందు వంగి కూర్చునే మనిషికి ఊపిరి పీల్చుకోవడానికి ఉన్నది ఆ కాస్త నేలే. అదీ పోతే ఇంకేముంది?

మొదట పచ్చి పేడ వేసింది. నేలకి ఎక్కిళ్లు పట్టుకున్నాయి, పైన అన్నయ్య టీ ఒలికింది. తర్వాత కత్తిరింపు ముక్కలు బస్తాడు పూడ్చింది. మట్టి నూలు ముక్కలు తినేసి, పాలిస్టరువి మడతపెట్టి మరీ గడప మీద పెట్టింది.

"అంత నాజూకా తల్లీ నీకు?" అని నవ్వుకుంది దర్జీ. అప్పట్నుంచి దానికి పడిందే పెట్టింది. బాగా మాగిన పశువుల ఎరువు, ఎండుటాకులు, కాస్త ఇసుక, కూరగాయల తొక్కలు. నీళ్లు నిలవకుండా మట్టి ఎత్తుగా పోసి గింజలు నాటింది. నేల గుల్లబారింది, వానపాములు చేరాయి. పొద్దున్నే ఊడ్చడానికి గడప మీద ఏమీ లేకుండా పోయింది.

తీగ నిండా పిందెలు పడ్డాయి. గుండె రాయి చేసుకుని ఒక్కటే ఉంచి మిగతావి తుంచేసింది. ఆ ఒక్కటీ ఊరి ఊరి దూడంత అయింది.

వేసవి చివర్లో అన్నయ్య మేస్త్రీని వెంటబెట్టుకొచ్చి పెరట్లో సిమెంటు బస్తా దింపించాడు. చెల్లెలి టేపుతో తలుపు కొలిచాడు. కాయకి అటో చెక్క, ఇటో చెక్క ఆనించి మధ్య దూరం కొలిచాడు. తలుపుకన్నా వేలెడు తక్కువ.

"పట్టేస్తుంది. పాపం, బాగానే కాయించావులే. మేస్త్రీ, మొదలుపెట్టు."

దర్జీ కాయ పక్కనే కూలబడి మట్టి మీద చెయ్యి వేసింది. "నాకు చేతనైందంతా పెట్టానే నీకు," అంది.

నేల ఒక్క గుటక వేసింది. అన్నయ్య పట్టుకున్న చెక్కలు రెండూ పక్కకి జరిగాయి. మేస్త్రీ తాపీ కిందపెట్టి, టేపు అందుకుని తనే కొలిచాడు.

"పట్టదండీ."

"మళ్లీ కొలువు."

"కొలిచేకొద్దీ పెరుగుతుందే కానీ తగ్గేలా లేదండీ."

తలుపులో పట్టని కాయని పెరట్లోనే కోశారు. వీధి వీధంతా వచ్చి తిన్నా ఇంకా మిగిలింది. ఆడినమాట తప్పలేని అన్నయ్య గట్టు మీద కూర్చుని అందరికన్నా ఎక్కువ తిన్నాడు, గింజలు మట్టిలోకే ఉమ్ముతూ. దర్జీ నడుం మీద చేతులు పెట్టుకుని తన నేలంతా కలియతిరిగింది. ఆవిడ సంతోషానికి పట్టపగ్గాల్లేవు.

మర్నాడు పొద్దున మేస్త్రీ మర్చిపోయిన సిమెంటు బస్తా గడప మీద బుద్ధిగా కూర్చుని ఉంది. అన్నయ్య ఉమ్మిన గింజల్లో మాత్రం ఒక్కటీ తిరిగి రాలేదు.