నాంచారమ్మ అడిగిన లెక్క

గజేంద్ర కంపెనీ బండే కొనాలని పట్టుబట్టింది నాంచారమ్మ. ఆమె భర్త రామనర్సయ్యకు ధీరజ్ కంపెనీ బండి మీద మనసుండేది. కానీ మిర్యాలగూడలో ధీరజ్ అమ్మే శ్రీకాంత్ కుర్రవాడు, అతని షోరూమూ చిన్నదే. సూర్యాపేటలో గజేంద్ర అమ్మే ప్రభాకర్ గుమ్మం ముందు మాత్రం ఎప్పుడు చూసినా జనమే.

"పది మంది కొన్నదే మనం కొనాలె. గాయన నెలల అమ్మినన్ని బండ్లు ఈ పిలగాడు ఏడాదంత అమ్మడు," అంది.

రామనర్సయ్య సరేనన్నాడు. బేరాలన్నీ ఆమెవే. తమ ఊరు పెన్‌పహాడ్ నుంచి హాలియా దాకా ఏ మందలో ఏ పొట్టేలు అమ్మకానికుందో ఆమెకు తెలుసు. ఆమె కొన్న జీవాలను కిరాయి బండ్లలో తోలుకురావడం ఆయన పని. 2010 ఉగాదికి తెల్లటి గజేంద్ర పికప్ ఇంటి ముందుకొచ్చింది. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆ రోజంతా రామనర్సయ్య దాన్ని తుడుస్తూనే ఉన్నాడు.

వానాకాలం రాకముందే అది ఆయన కాలు తీసుకుంది. హాలియా సంత నుంచి గొర్రెలతో వస్తుంటే సాగర్ ఎడమ కాల్వ వంతెన దగ్గర బ్రేకు పడలేదు. బండి గోడకు గుద్దుకుని బోల్తా పడింది. గొర్రెలు సగానికి పైగా చచ్చాయి. దవాఖానలో డాక్టర్లు ఆయన కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు.

బండిని పోలీస్ స్టేషన్ ఆవరణలో పడేశారు. సామాన్లు తెచ్చుకుందామని వెళ్లిన నాంచారమ్మ నలిగిపోయిన తలుపు దగ్గర ఆగిపోయింది. తెల్ల రంగు పెచ్చులు పెచ్చులుగా లేచింది. దాని కింద ఎర్రటి అక్షరాలు. గోటితో ఇంకొంచెం గీకింది. చదువు అంతంతమాత్రమే అయినా కూడబలుక్కుంది: "రండి, నడిపి చూడండి."

ఆ అక్షరాలు ఆమెకు తెలుసు. కిందటేడు పెద్దగట్టు జాతరలో మైకు కట్టుకుని తిరిగిన గజేంద్ర ప్రచారం బండి మీదివి. ఆ తర్వాత అది కాల్వలో పడిందనీ, రెండు రోజులు నీళ్లలోనే ఉందనీ గొర్లకాపరులు చెప్పుకున్నారు. దానికే రంగేసి కొత్తదని అమ్మారు.

నేరుగా సూర్యాపేట పోయింది. ప్రభాకర్ దోస్తులతో టీ తాగుతున్నాడు.

"పటేలా, నీళ్లల్ల పడ్డ బండి మాకెందుకు అంటగట్టినవ్? మా ఆయన కాలు పోయింది."

ప్రభాకర్ కప్పు కింద పెట్టలేదు. "గొర్లు తోలెటోనికి స్టీరింగ్ ఇస్తే గిట్లనే అయితది. ఇన్నేండ్లు గొర్ల ఎనక నడిచిండు గద, ఇగ నడిచే పని తప్పింది. పో, పోయి ఇంట్ల కూసోమను."

అక్కడున్నవాళ్లలో ఇద్దరు నవ్వారు. నాంచారమ్మ ఆ ముగ్గురి ముఖాలూ చూసింది. స్టేషన్‌లో బతిమాలి ఆ తలుపును ఇంటికి తెచ్చుకుంది. నల్గొండ వినియోగదారుల ఫోరంలో కేసు వేసింది. కేసుకు ఏళ్లు పడుతుందన్నాడు వకీలు. అంతవరకూ ఊరికే కూర్చునే మనిషి కాదు ఆమె.

మరుసటి వారం మిర్యాలగూడలో శ్రీకాంత్ ముందు నిలబడింది.

"నీ బండ్లు నేను అమ్మిపెడత."

శ్రీకాంత్ బిత్తరపోయాడు. "కమీషన్ ఎంత గావాలమ్మా?"

"నయాపైస వద్దు. నెల నెలకు ఒక ముచ్చట చెప్పు సాలు. గా సూర్యాపేట ప్రభాకర్‌వి ఎన్ని పోయినయి, నీయి ఎన్ని పోయినయి."

"గదెందుకు నీకు?"

"గదే నాకు కూలి."

అప్పటికి ప్రభాకర్ అయిదు బండ్లమ్మితే శ్రీకాంత్ ఒకటి అమ్ముతున్నాడు. నాంచారమ్మ సంతల్లో మొదలుపెట్టింది. పొట్టేలు పళ్లు చూస్తూ బండి మాట తీసేది. ఎవరైనా గజేంద్ర పేరెత్తితే ఇంటికి తీసుకుపోయి, అరుగు మీద కూర్చున్న భర్తను చూపించేది, గోడకానించిన తలుపును చూపించేది. రామనర్సయ్య తల వంచుకునేవాడు.

"నన్నొక బొమ్మను చేసినవే," అన్నాడొకనాడు.

"నిన్ను గాదు. వాణ్ని చేస్తున్న," అంది.

గొర్లకాపరులు మారారు. వాళ్లను చూసి కూరగాయల వాళ్లు, పాలవాళ్లు, మిల్లులకు వడ్లు తోలేవాళ్లు మారారు. ప్రతి నెలా ఆమె మిర్యాలగూడ వెళ్లి అడిగేది. శ్రీకాంత్ చెప్పేవాడు. దసరా నాటికి ప్రభాకర్‌వి మూడైతే శ్రీకాంత్‌వి రెండు. మరుసటి ఉగాదికి రెండూ సమానం. ఆ మాట విన్న రోజు నాంచారమ్మ బస్టాండులో మిరపకాయ బజ్జీలు కొనుక్కుని ఒక్కతే కూర్చుని తిన్నది.

ఆ పగలో సొంతవాళ్లనూ లెక్కచేయలేదు. రామనర్సయ్య తమ్ముడు ఈదయ్య వాయిదాలు తక్కువని ప్రభాకర్ దగ్గరే బండి కొన్నాడు. నాంచారమ్మ అతని ఇంటి గడప తొక్కడం మానేసింది. అతని బిడ్డ పెళ్లికి కూడా పోలేదు. ఈదయ్య వచ్చి కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు.

"వదినా, బండికీ బిడ్డ పెండ్లికీ ఏం సంబంధం?"

"నీ అన్న కాలు తొక్కి ఎక్కినవ్ ఆ బండి," అని లోపలికి వెళ్లిపోయింది. పెళ్లికి రామనర్సయ్య కర్రల మీద ఒక్కడే పోయాడు.

ప్రభాకర్‌కు సంగతి తెలిసింది. సూర్యాపేటలో తగ్గిన వ్యాపారాన్ని కోదాడలో పూడ్చుకుందామని అక్కడ పెద్ద షోరూం తెరిచాడు. మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలకు బండ్లు తిప్పే కాంట్రాక్టరు రాందాస్ ఒకేసారి పన్నెండు బండ్లు కొనబోతున్నాడు. ఆ బేరం దొరికితే గజేంద్ర కంపెనీ అమ్మకాల్లో ప్రభాకర్ మళ్లీ పైకొస్తాడు. లేకపోతే ఏజెన్సీ తీసేస్తామని కంపెనీవాళ్లు అప్పటికే హెచ్చరించారు. ఇదంతా నాంచారమ్మ శ్రీకాంత్ నోటే విన్నది. రాందాస్ ధీరజ్ బండ్లు వద్దన్నాడని చెబుతూ శ్రీకాంత్ డీలా పడిపోయాడు.

ఆ నెలలోనే మునగాల దగ్గర మంద తోలుకుపోతున్న కాపరులు ఆమెకొక మాట చెప్పారు. నంబరు కూడా పడని గజేంద్ర ఒకటి రోడ్డు దిగి మైలురాయికి కొట్టుకుందట. తామే తాళ్లేసి లాగారట. ఎడమ పక్క, వెనక చక్రం పైన లోపలికి పోయిందట.

"బండి ఎటు పోయింది?"

"కోదాడ దిక్కే తీస్కపోయిన్రు."

నాంచారమ్మ ఎవరికీ చెప్పలేదు. రాందాస్‌కు బండ్లు అప్పగించే రోజు కనుక్కుని కోదాడ బస్సెక్కింది.

షోరూం ముందు పన్నెండు బండ్లు బంతిపూల దండలతో వరసగా ఉన్నాయి. కంపెనీ నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. ఫొటోగ్రాఫరు వచ్చాడు. పంతులు హారతి ఇస్తుండగా ఆమె వరస చివరి నుంచి ఒక్కో బండి ఎడమ పక్క చేతితో తడుముతూ వచ్చింది. ఏడో బండి దగ్గర చెయ్యి ఆగింది. సంచిలోంచి గొర్రెబొచ్చు కత్తిరించే కత్తెర తీసి, మొనతో గట్టిగా పొడిచి లాగింది.

రంగు పెచ్చు లేచింది. కింద నుంచి బూడిద రంగు లప్పం ముక్కలు ముక్కలుగా రాలి నేలమీద పడింది. అరచేయి పట్టేంత సొట్ట బయటపడింది.

"ఏయ్! ఎవరది!" ప్రభాకర్ పరుగెత్తుకొచ్చాడు. ఆమెను గుర్తుపట్టి ఆగిపోయాడు.

రాందాస్ వంగి లప్పం ముక్క చేతిలోకి తీసుకున్నాడు. "ఏంటండీ ప్రభాకర్ గారూ ఇది? కొత్త బండికి లప్పం ఎందుకు పెట్టారండీ?"

"నాకు తెల్వదు... పెయింటర్ గాడు చేసుంటడు." ప్రభాకర్ వెనక్కి తిరిగి, గుంపులో నిలబడ్డ కొండల్ చెంప మీద కొట్టాడు. కొండల్ అతని షెడ్డులో పదేళ్లుగా రంగులు వేస్తున్నవాడు. "ఏమ్రా, నాకు చెప్పకుండ ఏం చేసినవ్ రా?"

కొండల్ చెంప పట్టుకుని అందరినీ చూశాడు. జాతర బండి సంగతి నాంచారమ్మ ఎన్నిసార్లు అడిగినా అప్పటిదాకా నోరు విప్పని మనిషి.

"నువ్వు చెప్పకుండ నేను డబ్బ మూత తీసిన్నా ఏనాడన్న?" అన్నాడు. "ఇదొక్కటేనా? జాతర బండి కాల్వలకెల్లి తీస్తే రంగెయ్యమన్నది ఎవరు? బ్రేకులు మార్చాలె సారూ అంటే, నీ పని సూస్కో అన్నది ఎవరు?"

రాందాస్ ఈ బండ్లు వద్దని తాళాలన్నీ బల్లమీద పెట్టేశాడు. కంపెనీ ఆఫీసరు ఫోను చెవికి పెట్టుకుని రోడ్డు మీదికి వెళ్లిపోయాడు. నాంచారమ్మ ప్రభాకర్ ఎదురుగా వచ్చి నిలబడింది.

"గా దినం నవ్విన నీ దోస్తులు యాడున్నరు ప్రభాకర్? పిలువు, ఇయ్యాల గూడ నవ్వుతరేమో," అంది.

ఏజెన్సీ పోయింది. ముందు కోదాడలో, తర్వాత సూర్యాపేటలో తాళాలు పడ్డాయి. రాందాస్ ధీరజ్ బండ్లే కొన్నాడు. శ్రీకాంత్ మిఠాయి డబ్బాతో వచ్చి, ఆ నెల అమ్మకాల లెక్క చెప్పబోయాడు.

"ఇగ వద్దు బిడ్డా. అటు దిక్కు లెక్కే లేదు గద," అంది. మిఠాయి మాత్రం తీసుకుంది.

ఫోరంలో నాంచారమ్మ వాంగ్మూలం రేపనగా ప్రభాకర్ పెన్‌పహాడ్ వచ్చాడు. కారు లేదు, ఆటోలో వచ్చాడు. అరుగు కింద నిలబడి రామనర్సయ్యకు చేతులు జోడించాడు.

"అన్నా, తప్పయింది. దుకాణం పోయింది, పరువు పోయింది. కొండల్ చెప్పింది అబద్ధమని మీరొక్క మాటంటే ఇది పోలీసు కేసు దాక పోదు, నేను జైలు పాలు గాకుండ ఉంట. పిల్లలున్నరు."

రామనర్సయ్య భార్య వైపు తిరిగాడు. "సాలు నాంచారీ. పడ్డోని మీద ఇంకేం పడతం?"

"నువ్వు మాఫీ చేస్తే చేసుకో. నీ మనసు నీది," అంది ఆమె. తర్వాత ప్రభాకర్ వైపు చూసింది. "నేను చెయ్య. నువ్వు తప్పయిందని రాలె. దుకాణం పోయిందని వచ్చినవ్. దుకాణముంటే ఇయ్యాల గూడ ఛాయ్ తాగుకుంట నవ్వెటోడివి. పో."

అతను వెళ్లాక రామనర్సయ్య అడిగాడు: "ఇప్పుడన్న నీ కడుపు సల్లబడ్డదా?"

"లేదు," అంది. "సల్లబడుతదని చెయ్యలె. వానికి తెల్వాలని చేసిన."

తెల్లవారి ఆమె నల్గొండ బస్సుకు బయలుదేరేసరికి ఆయన ఉతికిన చొక్కా వేసుకుని, కర్రలు చంకల కింద పెట్టుకుని వాకిట్లో ఉన్నాడు.

"నువ్వెందుకు? వద్దంటివి గద."

"కాలు నాది. జరిగింది జరిగినట్టు చెప్పాల్సింది నేను," అన్నాడు. "నువ్వు చెప్తే కోపమే ఇనబడ్తది వాళ్లకు."

ఇద్దరూ రోడ్డెక్కారు. ఆయన నెమ్మదిగా నడుస్తుంటే, ఆమె తలుపును గోనెసంచిలో చుట్టి నెత్తిన పెట్టుకుని, ఆయన అడుగుకు తన అడుగు తగ్గించుకుంటూ పక్కనే నడిచింది.