పెట్రోలు ఉందా అని అడిగినందుకు

"ఆగింది," అన్నాడు నాన్న ఫోన్లో. హలో లేదు, పలకరింపు లేదు.

"పెట్రోలు ఉందా?" అన్నాను.

అటువైపు నాలుక చప్పరించిన చప్పుడు. ఆ చప్పుడు నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. మార్కుల కార్డు మీద సంతకం పెట్టే ముందు కూడా ఆయన ఇలాగే చప్పరించేవాడు.

"నేను నీకెలా కనిపిస్తున్నాను?" అన్నాడు. "పెట్రోలు ఉందో లేదో చూసుకోకుండా బండి తీసే మనిషినా? వచ్చి నీ కళ్ళతో చూసుకో." ఫోన్ పెట్టేశాడు.

చేతిలో ఉన్న పాన అటకమీదికి విసిరేయాలనిపించింది. విసిరితే మళ్ళీ నేనే ఎక్కి తీసుకోవాలి కాబట్టి బల్ల మీదే పెట్టాను. షెడ్డులో ఇంకో రెండు బళ్ళు ఇంజన్లు విప్పి ఉన్నాయి. వాటిని అలాగే వదిలేసి స్కూటర్ తీశాను. నాన్న కారు కోసం ఇలా పరిగెత్తడం ఇది మొదటిసారి కాదు. ఎన్నోసారో లెక్కపెట్టడం మానేశాను.

కార్లు బాగుచేయడం నా పని. సొంత షెడ్డు పెట్టి చాలా ఏళ్ళయింది. ఊళ్ళో వాళ్ళ బళ్ళన్నీ నా దగ్గరికొస్తాయి, నాన్న బండి మాత్రం మొన్నమొన్నటిదాకా రాలేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అనలేదు. మా ఇంట్లో ఆ కారుకి నాకంటే పెద్ద హోదా. నేను పుట్టకముందు కొన్నది, దాని మంచీచెడూ అంతా ఒక ముసలి మేస్త్రి చూసేవాడు. నాన్న ఆయన దగ్గరికెళ్ళి రోడ్డు మీదే నిలబడి పోట్లాడేవాడు. బ్రేకు అలా ఉందేం, తలుపు ఇలా పడుతుందేం, ఇది పనేనా అని. మేస్త్రి కూడా అంతకంతా తిరిగి అరిచేవాడు. ఇద్దరికీ అదే స్నేహం.

ఆ మేస్త్రి చూపు ఆనకపోవడంతో షాపు మూసేశాడు. అదే సమయానికి కారు కార్బురేటరు పూర్తిగా అరిగిపోయింది. అప్పుడు నాన్న నా షెడ్డుకొచ్చి, చెప్పులు బయట విడిచి మరీ లోపలికొచ్చి, "నీకు చేతనవుతుందా?" అని అడిగాడు.

చేతనవుతుందన్నాను. అంతటితో ఊరుకుంటే పోయేది. కార్బురేటరు మళ్ళీ మళ్ళీ పాడవుతుంది, దాన్ని తీసేసి ఇంజెక్షన్ పెడతానన్నాను. పాత పద్ధతిలో ఇంజను తనకి కావలసిన పెట్రోలు తనే పీల్చుకుంటుంది. కొత్త పద్ధతిలో పంపు పెట్రోలుని గట్టిగా తోస్తుంది, సన్నటి సూది లోంచి అది తుంపరగా పడుతుంది, మిగిలింది ఇంకో గొట్టంలోంచి వెనక్కి ట్యాంకులోకి చేరుతుంది. నాన్న అంతా విని, "చూద్దాం," అన్నాడు. ఆయన నోట అది పెద్ద మాటే.

చూడటం అయింది. షెడ్డులో ఉన్నంతసేపూ గుర్రంలా పరిగెత్తే బండి, నాన్న తీసుకెళ్ళి కాస్త దూరం తోలగానే దగ్గుతుంది, ముక్కుతుంది, ఆగిపోతుంది. కిందటిసారి ఆయన తేల్చి చెప్పేశాడు. "ఇంకొక్కసారి దారిలో ఆగిందంటే మేస్త్రి శిష్యుడి దగ్గరికి తోలించేస్తా. నువ్వు పెట్టినవన్నీ పీకించి, ఎక్కడైనా పాత కార్బురేటరు వెతికి పెట్టించుకుంటా."

"పీకించుకో," అన్నాను పైకి. కానీ అదే జరిగితే ఆయన ఈ జన్మలో ఇంక నా చేతికి ఒక మేకు కూడా ఇవ్వడని నాకు తెలుసు. ఊళ్ళో వాళ్ళందరి దగ్గరా మెకానిక్కుని, నాన్న దగ్గర మాత్రం బొమ్మలు విప్పి పారేసిన పిల్లనే. దాని గురించి తలుచుకుంటే నాకు అన్నం సయించడం లేదు.

నేను వెళ్ళేసరికి కారు పేవ్‌మెంటు పక్కన ఉంది. ట్యాంకు మూత తీసి, రుమాల్లో చుట్టి, జేబులో పెట్టుకుని నాన్న పక్కనే నిలబడ్డాడు. దుమ్ము పడకుండా రుమాలు. "చూసుకో," అన్నాడు ట్యాంకు వైపు గడ్డం ఎత్తి. లోపల పెట్రోలు నిండుగా మెరుస్తోంది.

సీట్లో కూర్చుని తాళం తిప్పాను. ఠక్కున స్టార్టయింది.

నాన్న ముఖం చూడలేకపోయాను. "నువ్వొస్తే నడుస్తుంది, నేను తోలితే ఆగుతుంది. అంటే తప్పు నాదన్నమాట," అన్నాడు.

"నువ్వు స్టార్ట్ చేసి చూడొచ్చు కదా, నేనొచ్చేలోగా?"

"ఆగిన బండిని పదేపదే తిప్పితే బ్యాటరీ పోతుంది. మేస్త్రి చెప్పాడు. నువ్వొచ్చేదాకా నేను ముట్టుకోను."

"అయితే పెడల్ ఎలా తొక్కుతున్నావో ఏమో. ఇది పాత బండి కాదు నాన్నా, ఊరికే పంపు కొట్టినట్టు తొక్కకూడదు."

అనగానే అనకూడదనిపించింది. ఆయన బండి నాకొదిలేసి నడుచుకుంటూ ఇంటికి వెళ్ళిపోయాడు. మేస్త్రి శిష్యుడి పేరెత్తలేదు గానీ, అది తుఫాను ముందు ప్రశాంతతే.

షెడ్డుకి తెచ్చి మళ్ళీ మొదలుపెట్టాను. ఫిల్టరు మార్చాను, అది కొత్తదే అయినా. పంపు మార్చాను. పంపుకి కరెంటిచ్చే రిలే మార్చాను. వైర్లన్నీ మీటరు పెట్టి చూశాను. గొట్టం సైలెన్సరు వేడికి కాగుతోందేమోనని దూరంగా జరిపాను. వెనక్కొచ్చే గొట్టాన్ని ఊడదీసి, మూత తీసిన ట్యాంకు మూతిలోకి వేలాడదీసి, పెట్రోలు ఎంత వస్తోందో గంటసేపు చూస్తూ కూర్చున్నాను. ధారగా వస్తోంది. పెట్రోలు ఒత్తిడి చూపే ప్రెషర్ గేజ్ ముల్లు గోడకి కొట్టిన మేకులా కదలదు. ఏ లోపమూ లేని బండిని బాగుచేయడం కంటే నరకం లేదు. వైరు తెగితే అతికిస్తాం, చక్రం విరిగితే మారుస్తాం. ఏమీ కాని దాన్ని ఏం చేస్తాం?

మూత అడ్డదిడ్డంగా తిప్పి, ఊరంతా ఒక చుట్టు చుట్టి వచ్చాను. ఎక్కడా ఆగలేదు.

పక్క షెడ్డు వెల్డరు ముఖానికి పెట్టుకున్న అద్దం పైకెత్తి, "అక్కా, ఈ బండికి మీ నాన్న పొడ గిట్టదేమో," అన్నాడు.

"నువ్వు నోరు మూసుకుని నీ గేటు అతికించుకో," అన్నాను. అతను నవ్వి అద్దం దించుకున్నాడు. నాకు నవ్వు రాలేదు. అప్పటికి కడుపు నిండా ఏడుపు ఉంది, కళ్ళ దాకా రావడానికి తీరిక లేదంతే.

ఇంటికెళితే అమ్మ మంచినీళ్ళ సీసా పట్టుకుని ఎదురొచ్చింది. "మళ్ళీ సీసా మూత వదిలేశావు పొద్దున్న. బ్యాగంతా తడి. ఒకరేమో మూత వేస్తే సుత్తి పెట్టి కొట్టినా రాదు, ఒకరేమో అసలు వెయ్యరు. మీ ఇద్దరి మధ్యా చస్తున్నాను."

అమ్మ చెప్పింది నిజమే. నాన్న ఉద్యోగమంతా కాలేజీ లాబ్‌లో, సీసాల మధ్య. యాసిడ్లూ ఆవిర్లూ ఆయన కాపలాలో ఒక్క చుక్క కూడా ఎగిరిపోలేదట. కాలేజీలో అందరూ ఆయన్ని బిరడా గారనేవారు, ఆయన దాన్ని బిరుదులాగే తీసుకున్నాడు. నేను ఆయనకి నేరుగా వ్యతిరేకం. ఏ మూతైనా సగం తిప్పి వదిలేస్తాను. అది ఇంట్లో రోజూ ఉండే గొడవే, బండికి దానితో సంబంధం ఉంటుందని ఎవరనుకుంటారు?

నాన్న పేపరు వెనక ఉన్నాడు. "రేపు నువ్వు తోలు. నేను పక్కన కూర్చుంటా," అన్నాను పేపరుతో.

"రేపు ఆగిందంటే అటునుంచి అటే శిష్యుడి దగ్గరికి," అంది పేపరు.

మర్నాడు ప్రెషర్ గేజ్‌ని పొడుగాటి గొట్టంతో ఇంజను దగ్గర్నుంచి బయటికి తెచ్చి, ముందు అద్దానికి టేపుతో అంటించాను, తోలుతూ ఉంటే ముల్లు కళ్ళ ముందే ఉండేలా. ఇంజను ఆగినా పంపు తిరుగుతూనే ఉండేలా ఒక వైరు కలిపాను. నాన్న కారు చుట్టూ ఒకసారి తిరిగి, నేను సగం తిప్పి వదిలిన మూతని చూసి నాలుక చప్పరించి, రెండు చేతులతో బిగించి వచ్చి కూర్చున్నాడు.

ఆయన పెడల్ తొక్కడంలో ఒక్క తప్పూ లేదు. నిజం చెప్పాలంటే నాకంటే నయంగా తోలుతున్నాడు. కొంతసేపు ముల్లు బుద్ధిగా నిలబడింది. పెద్ద రోడ్డెక్కాక మెల్లగా వణికింది. తర్వాత దిగడం మొదలుపెట్టింది. వెనక సీటు కింద నుంచి పంపు సన్నగా కీచుమంటోంది, ఖాళీ గ్లాసులో ఇంకా ఏదో ఉందని పీలుస్తున్నట్టు. బండి దగ్గింది, ముక్కింది, రోడ్డు పక్కకి చేరి ఆగిపోయింది.

"అయిపోయింది," అన్నాడు నాన్న. కోపంగా అని ఉంటే బాగుండేది. అలసటగా అన్నాడు. తలుపు తీసి దిగబోయాడు.

"ఎక్కడికి?"

"మూత తియ్యడానికి. పెట్రోలు ఉందా అని అడుగుతావుగా. అడిగినప్పుడల్లా తీసి చూపిస్తున్నానుగా."

ప్రతిసారీ నేను వచ్చేసరికి మూత ఆయన జేబులో ఉంది. షెడ్డులో ఉన్నంతసేపూ మూత బల్ల మీద ఉంది. నేను తోలినప్పుడు సగమే తిప్పి ఉంది. ఆ మూత బిగుతుగా ఉండగా ఈ బండిని నేను ఒక్కసారి కూడా చూడలేదు.

"నువ్వు కదలకు. ముల్లు చూస్తూ ఉండు," అని దిగాను.

మూత ఒక చేత్తో రాలేదు. కాలు బంపరుకి తన్నిపెట్టి రెండు చేతులతో తిప్పాను. బుస్సుమని గాలి లోపలికి దూసుకుపోయింది. ట్యాంకు రేకు లోపల్నుంచి ఢబ్బుమంది. పంపు కీచు ఆగిపోయింది.

"లేస్తోంది," అన్నాడు నాన్న కారులోంచి. "ముల్లు లేస్తోందమ్మాయ్. మొత్తం లేచింది."

మూత తిరగేసి చూశాను. లోపల నల్లటి రబ్బరు బిళ్ళ, కత్తిరించినట్టే తెలియనంత గుండ్రంగా, అంచు నుంచి అంచుకి. మూత మధ్యలో గాలి కోసం ఉండే చిన్న కన్నం దాని కింద సమాధి అయింది. మూత నలుపు, రబ్బరు నలుపు. పైగా మూతని చూసేదెవరు?

"నాన్నా, ఈ రబ్బరెవరు పెట్టారు?"

"నేనే," అన్నాడు దిగి వచ్చి. "మామూలు ట్యూబు ముక్క కాదు. లాబ్‌లో వాడే రకం షీటు, పెట్రోలుకి కరగదు. తీస్తే ఎలా బుస్సుమందో విన్నావా?"

"ప్రతిసారీ అలాగే బుస్సుమందా?"

"ప్రతిసారీ."

"మరి నాకు చెప్పలేదేం?"

"మంచి మూతంటే బుస్సుమంటుంది. అందులో చెప్పడానికేముంది?"

రోడ్డు మీద మనుషులున్నారని కూడా చూడకుండా అరిచాను. ఫిల్టరు మార్చాను, పంపు మార్చాను, నాకు నిద్ర లేదు, తిండి లేదు, ట్యాంకులోంచి పెట్రోలు బయటికి పోయినంత మేరా గాలి లోపలికి రావాలి కదా, గాలి రాకపోతే పంపు దేన్ని తోడుతుంది అని. నాన్న వింటూ వింటూ మూతని నా చేతిలోంచి తీసుకున్నాడు. బిళ్ళ మీద బొటనవేలు పెట్టి నొక్కాడు.

"లాబ్‌లో పిపెట్ గొట్టం పైన వేలు పెడితే కింద చుక్క దిగదు," అన్నాడు మెల్లగా. "పిల్లలకి నేనే చూపించేవాణ్ణి."

నా కోపం ఎక్కడిదక్కడ ఆగిపోయింది. "ఎందుకు పెట్టావు నాన్నా ఇది?"

ఆయన రోడ్డు వైపు చూశాడు. "వాసన. నువ్వు పని చేసి ఇచ్చినప్పట్నుంచీ పెట్రోలు వాసన. మీ అమ్మ తల తిరుగుతోందని మధ్యలో దిగిపోయింది కూడా. నీకు చెప్పొద్దని నేనే అన్నాను."

వేడెక్కిన పెట్రోలు వెనక్కి ట్యాంకులోకి వస్తుంది కాబట్టి మూత కన్నంలోంచి ఆవిరి వస్తుంది. ఆవిరి బయటికి పోవడానికి వేరే గొట్టం పెట్టాలి. అది నేను పెట్టాల్సింది. ఒక్క మాట చెబితే పూటలో అయిపోయే పని.

"నాకెందుకు చెప్పలేదు? మేస్త్రినైతే షాపు ముందే నిలబెట్టి కడిగేసేవాడివి."

"మేస్త్రి వేరు," అన్నాడు. "నీ చేతికి మొదటిసారి ఇచ్చాను. ఇచ్చీ ఇవ్వగానే వంక పెట్టడం దేనికని."

మా నాన్నకి వంక దొరకని వస్తువు లోకంలో లేదు. పంచాంగంలో తారీఖులు కూడా వరస సరిగ్గా లేవనగలడు. అలాంటి మనిషి ఇన్నాళ్ళూ నోరు కట్టేసుకుని, నా పనిలో లోటుని ఎవరికీ కనబడకుండా తన చేత్తో మూసిపెట్టాడు. పెడల్ తొక్కడం రాదని నేనంటే అదీ మింగేశాడు. నాకు ఏడుపొచ్చింది. ఈసారి తీరిక దొరికింది.

"ఇప్పుడెందుకు ఏడుపు? ముల్లు లేచిందిగా," అన్నాడు కంగారుగా.

"ఇంక నుంచి నాతో కూడా మేస్త్రితో మాట్లాడినట్టే మాట్లాడు నాన్నా. లేకపోతే నిజంగానే శిష్యుడి దగ్గరికి తీసుకుపో."

ఆయన నన్ను పైనుంచి కిందకి ఒకసారి చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఇంజను ఎందుకలా గుక్కపెట్టి ఏడుస్తుంది? అది పనేనా?" అన్నాడు. గొంతు పెరిగింది. "కొత్త వైరు నా కాలికి తగులుతోంది, అలా వేలాడదీస్తారా ఎవరైనా? బానెట్ సరిగ్గా పడటం లేదు. నువ్వు ముట్టుకోకముందు బానే పడేది."

దారిన పోయేవాళ్ళు తిరిగి చూస్తున్నారు. నేను కళ్ళు తుడుచుకున్నాను.

"ఇంకా?" అన్నాను.