గుర్తుపట్టని ఫోన్

ఎల్లారెడ్డి ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరంలో కృపాజ్యోతికి ఎకరన్నర పొలం ఉంది. భర్త యేసుబాబు కామారెడ్డిలో ఒక రైస్ మిల్లులో పనిచేస్తూ వారానికొకసారి ఇంటికి వస్తాడు. సాగు మొత్తం ఆమె చేతి మీదే నడుస్తుంది. మొన్న వానాకాలం ఆమె, పక్క పొలం హన్మండ్లు ఇద్దరూ ఎల్లారెడ్డిలోని రాజన్న దుకాణంలో ఒకే కంపెనీ వరి విత్తనం కొన్నారు. నాట్లేసిన రెండు నెలలకే తేడా కనిపించింది. కొన్ని దుబ్బులు మోకాలెత్తులోనే ఈనాయి. కొన్ని నడుమెత్తు పెరిగినా పొట్టకు రాలేదు. ఒకే మడిలో ఒక దుబ్బుకు గింజ ముదిరి రాలిపోతుంటే, పక్క దుబ్బు పచ్చగా గడ్డిలా నిలబడి ఉంది.

ఆమె అప్పటి నుంచి ప్రతి ఆదివారం చర్చి నుంచి వచ్చాక గట్టు మీద నిలబడి పొలాన్ని ఫోన్లో ఫొటోలు తీసింది. ఎవరూ చెప్పలేదు. రేపు ఎవరైనా అడిగితే చూపాలని తనకే తోచింది. హన్మండ్లు కూడా ఆమెను చూసి తన పొలం ఫొటోలు తీసుకున్నాడు. ఇద్దరూ విత్తన కంపెనీకి ఫిర్యాదు పెట్టిన నెలన్నరకు గాని కంపెనీ మనిషి రాలేదు. అప్పటికి కోతలయ్యాయి, యాసంగి పంట కోసం దున్నకం కూడా అయిపోయింది. ఆ పంట ఎలా ఉండేదో చెప్పడానికి ఫోన్లలోని ఫొటోలు తప్ప ఇంకేమీ మిగల్లేదు.

వచ్చిన మనిషి పేరు సిద్దార్థ. ముప్పై ఏళ్లుంటాయి. ఒక మంగళవారం పొద్దున రాజన్న దుకాణంలో బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాడు. కృపాజ్యోతి ఫోన్ తీసి ఒక్కొక్క ఫొటో, దాని కింద తేదీతో సహా చూపించింది. అతను రెండు చూసి చాలన్నాడు. ఫోన్లో తేదీ ఎవరైనా మార్చుకోవచ్చన్నాడు. వాట్సాప్‌లో పంపితే తీసిన తేదీ పోతుందన్నాడు. అసలు ఫొటోలు తన ల్యాప్‌టాప్‌లో పడితేనే కంపెనీ ఒప్పుకుంటుందన్నాడు. సరే, వేసుకోండి అని ఆమె ఫోన్ ఇచ్చింది.

అతను సంచిలోంచి ఒక పొట్టి తెల్ల వైరు తీసి ఫోన్‌కు గుచ్చాడు. ఫోన్ మీద చార్జింగ్ గుర్తు వచ్చింది. ల్యాప్‌టాప్‌లో మాత్రం ఏమీ రాలేదు. తీసి మళ్లీ పెట్టాడు. రాలేదు. ఫోన్ పాడైందనీ, ల్యాప్‌టాప్ దాన్ని గుర్తుపట్టడం లేదనీ చెప్పి, హన్మండ్లు ఫోన్ తీసుకున్నాడు. అదీ అంతే. ఇంకొక మాట లేకుండా ఫారం మీద "రైతులు ఆధారాలు చూపలేకపోయారు" అని రాసి సంతకాల కోసం ముందుకు జరిపాడు.

హన్మండ్లు అలవాటుగా సంతకం పెట్టేశాడు. కృపాజ్యోతి పదో తరగతి దాకా చదివింది. ఏ కాగితమైనా చదవకుండా చేయి పెట్టదు. చదివింది. కాగితం వెనక్కి నెట్టింది.

"చూపలేకపోవుడేంది సారు? నేను చూపిన. మీరే చూస్తలేరు."

సిద్దార్థ తల ఎత్తకుండానే వచ్చే మంగళవారం దాకా గడువిస్తానన్నాడు. ఆ తర్వాత ఫిర్యాదు మూసేస్తారట. ఫోన్ బాగు చేయించుకు రమ్మన్నాడు. రాజన్న కౌంటర్ వెనక నిలబడి అంతా విన్నాడు. ఆ విత్తనం సంచులు తానే అమ్మానన్న మాట అతని నోట్లోంచి రాలేదు.

ఇంటికి పోయేటప్పుడు షేరింగ్ ఆటోలో కృపాజ్యోతికి ఒక్కటే ఆలోచన. తన ఫోన్ ఒక కంపెనీది, హన్మండ్లుది ఇంకొక కంపెనీది. పొద్దున దాకా రెండూ బాగానే పనిచేశాయి. రెండూ ఆ బల్ల దగ్గరే, ఒకే నిమిషంలో పాడవుతాయా?

గురువారం ఇద్దరూ కామారెడ్డి బస్సెక్కారు. బస్టాండ్ దగ్గర ఒక మొబైల్ దుకాణంలో విషయం చెప్పారు. దుకాణం మనిషి హన్మండ్లు ఫోన్ తీసుకుని అటూ ఇటూ నొక్కాడు. సాఫ్ట్‌వేర్ పోయిందనీ, ఫార్మాట్ చేస్తే కంప్యూటర్ పట్టుకుంటుందనీ చెప్పాడు. ఫార్మాట్ అంటే ఏమిటో అతను చెప్పలేదు, వీళ్లు అడగలేదు. హన్మండ్లు తలూపాడు. ఐదు నిమిషాల్లో ఫోన్ కొత్తదానిలా వెలిగింది. దుకాణం మనిషి దాన్ని తన కంప్యూటర్‌కు కలిపి, చూడండి పట్టుకుందని గర్వంగా చూపించాడు. హన్మండ్లు ముందుకు వంగి చూశాడు. తెర మీద ఖాళీ డబ్బాలు తప్ప ఏమీ లేవు.

"ఫొటోలేవి?" అన్నాడు.

ఫార్మాట్ అంటే అన్నీ పోతాయి కదా, ఆ మాత్రం తెలియదా అన్నాడు దుకాణం మనిషి. అంటూనే కృపాజ్యోతి ఫోన్ కోసం చేయి చాచాడు. ఆమె ఫోన్‌ను కొంగులో చుట్టి వెనక్కి జరిగింది.

హన్మండ్లు అరవలేదు. మెల్లగా అన్నాడు: "పొలం బొమ్మలు పోతే పోయినయి. అండ్ల మా అవ్వ ఉండె."

అతని తల్లి కిందటి ఎండాకాలంలో చనిపోయింది. ఆధార్ కార్డు మీద ఉన్నది తప్ప ఆమెకు అచ్చయిన బొమ్మ ఇంకెక్కడా లేదు. మనవరాలి పెళ్లిలో పసుపు దంచుతూ, మంచం మీద బీడీలు చుడుతూ, నవ్వలేక నవ్వుతూ ఉన్న ఫొటోలన్నీ ఆ ఫోన్లోనే ఉండేవి. దుకాణం మనిషి ముఖం కాస్త మారింది గాని, మీరే కదా చేయమన్నారని తిరిగి అనేశాడు.

కృపాజ్యోతి హన్మండ్లును చేయి పట్టుకుని బయటికి తెచ్చింది. కోపంతో ఆమెకు రోడ్డు సరిగ్గా కనబడలేదు. ఎదురుగా ఒక ఫొటో స్టూడియో ఉంది. ఫోన్లోని ఫొటోలు ప్రింటు తీయబడును అని బోర్డు మీద రాసి ఉంది. రోజూ ఫోన్ల నుంచి ఫొటోలు కంప్యూటర్‌లోకి దింపే వాళ్లకు ఈ పని తెలియకుండా ఎలా ఉంటుంది అనుకుని లోపలికి నడిచింది.

స్టూడియో నడిపేది వందన అనే అమ్మాయి. విషయమంతా విని, ఆమె ఫోన్ ముట్టుకోకముందే ఒక ప్రశ్న అడిగింది. కంపెనీ మనిషి ఏ వైరుతో పెట్టాడు? పొట్టి తెల్ల వైరని కృపాజ్యోతి చెప్పింది. వందన సొరుగులోంచి అలాంటివే రెండు తీసి చూపించింది.

"కొన్ని వైర్లు కరెంటు ఒక్కటే తీస్కపోతయక్కా. ఫొటోలు పోయే తీగ అండ్ల ఉండనే ఉండది. గసుంటి వైరుతోని ఏ ఫోన్ పెట్టినా కంప్యూటర్‌కు తెల్వనే తెల్వది."

తర్వాత ఫోన్ ఆఫ్ చేసి, చార్జింగ్ పెట్టే రంధ్రంలోకి లైటు వేసి చూసింది. అడుగున దుమ్ము, వరి నూగు గట్టిగా అతుక్కుని ఉన్నాయి. సన్నటి చెక్కపుల్లతో మెల్లగా గీకి బయటికి తీసింది. ఇంకొక వైరు గుచ్చి ఫోన్ ఆన్ చేసింది. చార్జింగ్ గుర్తు వచ్చింది, కంప్యూటర్‌లో ఏమీ రాలేదు. కృపాజ్యోతి ఫోన్ వెనక్కి తీసుకోబోయింది. ఇంకా కాలేదని వందన చేత్తో ఆగమని సైగ చేసింది. ఫోన్ లాక్ తీయించింది. తెరను పైనుంచి కిందికి లాగితే అక్కడ చార్జింగ్ మాత్రమే అని చిన్న అక్షరాల్లో ఉంది. దాన్ని నొక్కితే కొన్ని వరుసలు వచ్చాయి. అందులో ఫైల్ ట్రాన్స్‌ఫర్ అన్నదాన్ని ఎంచుకోగానే కంప్యూటర్ టింగుమంది. ఫోన్ పేరు తెర మీదికి వచ్చింది.

ఫొటోలు నూట ఎనభై చిల్లర ఉన్నాయి. పెద్ద తెర మీద పొలం ఇంకా స్పష్టంగా కనబడింది. పొట్టివీ పొడుగువీ దుబ్బులు, ముదిరినవీ పచ్చివీ కంకులు, కింద తేదీలు. హన్మండ్లు కుర్చీలోంచి లేచి దగ్గరికి వచ్చాడు. చాలా ఫొటోల్లో గట్టుకు అవతల అతని పొలమే ఉంది. అదీ అచ్చం అలాగే ఎగుడుదిగుడుగా ఉంది.

అతను తన ఫోన్ తీసి వందన ముందు పెట్టాడు. పోయినవాటిని తిరిగి తెప్పించగలవా అని అడిగాడు. వందన ఫోన్‌ను చాలాసేపు చూసింది. ఇలాంటి ఫోన్లలో ఫార్మాట్ చేశాక ఫొటోలు రావనీ, లేని ఆశ పెట్టలేననీ చెప్పింది. అతను ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

కృపాజ్యోతి ఆ పని తనకు నేర్పమని అడిగింది. వైరు తీసి, పెట్టి, లాక్ తీసి, వరుస ఎంచుకుని, మూడుసార్లు తనే చేసింది. ఫొటోలు ఒక పెన్‌డ్రైవ్‌లోనూ వేయించుకుంది. వందన దగ్గరే మంచి వైరు ఒకటి కొనుక్కుంది.

మంగళవారం రాజన్న దుకాణంలో సిద్దార్థతో పాటు ఇంకా నలుగురైదుగురు రైతులున్నారు. పెన్‌డ్రైవ్ చూడగానే అతను వైరస్ వస్తుంది, పెట్టనివ్వనన్నాడు. అయితే ఫోనే పెట్టమని ఆమె ఇచ్చింది. మళ్లీ అదే తెల్ల వైరు తీశాడు. ల్యాప్‌టాప్ పలకలేదు. బాగు చేయించుకోలేదా అన్నాడు.

ఆమె తన వైరు తీసి గుచ్చింది. లాక్ తీసి, తెర లాగి, వరుస నొక్కింది. ల్యాప్‌టాప్ టింగుమంది. తెర నిండా ఆమె పొలం వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్లు వంగి చూశారు.

సిద్దార్థ సరే, కాపీ చేసుకుంటానని చేయి చాచాడు. ఆమె తన చేయి బల్ల మీద నుంచి తీయలేదు.

"ముందుగాల మీ ఫోన్ గా వైరుతోని పెట్టి చూడుండ్రి."

దేనికమ్మా అన్నాడు. మీ ఫోన్ పాడైందా బాగుందా చూద్దామంది. అతను నవ్వి దాటేయబోయాడు. అప్పుడు రాజన్న మొదటిసారి నోరు విప్పాడు. పెట్టండి సారు, చూద్దాం అన్నాడు. సిద్దార్థ తప్పక పెట్టాడు. అతని ఫోన్ లాక్ తీయించి, తెర లాగించింది కృపాజ్యోతి. ఫైల్ ట్రాన్స్‌ఫర్ వరుసే అందులో రాలేదు. ల్యాప్‌టాప్ కూడా పలకలేదు. ఆ వైరు పవర్‌బ్యాంక్‌తో వచ్చిందని అతనే గొణిగాడు.

"మీ వైరుల తప్పు పెట్టుకొని మమ్ముల అబద్ధాలోళ్లని రాసిండ్రు," అంది ఆమె. "మీ రాతను నమ్మి ఈ అన్న కామారెడ్డి పోయిండు. ఫోన్ల ఉన్న తల్లి బొమ్మలు పోగొట్టుకొని వచ్చిండు. ఇప్పుడు గా కాగితం మీద ఏం రాస్తరు?"

సిద్దార్థ పాత ఫారం తీశాడు. దాన్ని కొట్టేసి, ఫొటోలు అందాయని రాశాడు. ఆమె చదివి సరిపోదంది. పోయినసారి తన వైరు లోపం వల్లే ఫొటోలు ఎక్కలేదనీ, గట్టు అవతల ఉన్న పొలం హన్మండ్లుదనీ కూడా రాయించింది. అప్పుడు గాని సంతకం పెట్టలేదు. క్షమించమన్న మాట మాత్రం అతను అనలేదు.

రెండు నెలలకు కంపెనీ విత్తనంలో కల్తీ ఉందని ఒప్పుకుంది. నష్టంలో సగానికి కొంచెం పైన ఇద్దరికీ కట్టింది. హన్మండ్లు పొలం ఫొటోలు అతను తీసినవి కావని కంపెనీవాళ్లు మొదట కొర్రీ పెట్టారు. కృపాజ్యోతి అతని తరఫున మళ్లీ రాజన్న దుకాణానికి పోయి కూర్చోవలసి వచ్చింది.

తర్వాత యేసుబాబును చూడడానికి కామారెడ్డి వెళ్లినప్పుడు ఆమె ఆ మొబైల్ దుకాణానికి పోయింది. దుకాణం మనిషి గుర్తుపట్టి, ఫోన్ ఎలా ఉందని పలకరించాడు. బాగానే ఉందంది. అసలు పాడే కాలేదంది. ఎవరైనా ఫోన్ తెస్తే తుడిచేసే ముందు లోపల ఏముందో అడగాలనీ, అడిగాక వాళ్లు చెప్పేది వినాలనీ అంది. అతను ఏదో సమాధానం చెప్పబోయాడు. అప్పుడే ఒక ముసలామె ఫోన్ పట్టుకుని మెట్లెక్కుతూ ఉంది. కృపాజ్యోతి పోకుండా, అతను ఆమెను ఏమడుగుతాడో వినడానికి పక్కకు జరిగి నిలబడింది.